కాగితం పోయినా కాగితాలు తిరగేయక తప్పదు: పరిశోధనాత్మక జర్నలిజంపై అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లు దినపత్రిక డెస్కులోనూ రిపోర్టింగులోనూ, ఆ తర్వాత వెబ్‌సైటులోనూ పనిచేసినవాడిని కాబట్టి, 'ఇక పత్రికల పని అయిపోయిందట కదా' అనే ప్రశ్న నాకు ప్రతి పెళ్లిలోనూ ఎదురవుతుంది. ఆ ప్రశ్న వెనక ఉండే కొన్ని అపోహల గురించి నా అనుభవం మేరకు రాస్తున్నాను.

అపోహ: ఇంటర్నెట్ వచ్చి పరిశోధనాత్మక జర్నలిజాన్ని చంపేసింది.

వాస్తవం: అంతకుముందు అది ఏ మాత్రం బతికి ఉండేదో కూడా చెప్పుకోవాలి. 1989లో ఈనాడుతో మొదలైన జిల్లా అనుబంధాలు వార్తను ఊరి గడప దాకా తెచ్చిన మాట నిజమే. అయితే ఆ తరహా పేజీలను నింపిన మండల విలేకరుల్లో ఎక్కువమందికి దక్కింది అచ్చయిన వార్త కొలతను బట్టి నామమాత్రపు పారితోషికం, దానితోపాటు ప్రకటనల టార్గెట్. సంక్రాంతికి ఏ కాంట్రాక్టరును ప్రకటన అడగాలో, ఆ కాంట్రాక్టరు వేసిన రోడ్డు మీదే వార్త రాయమంటే ఆ విలేకరి ఏం చేస్తాడు? లోతైన పరిశోధన జరిగిన చోట కూడా, రెండు మూడు నెలలు ఒక్క వార్తా ఇవ్వని రిపోర్టరుకు జీతం వచ్చింది ప్రకటనల నుంచే, అందులోనూ పెళ్లి సంబంధాల, ఇళ్ల స్థలాల క్లాసిఫైడ్స్ భాగం తక్కువేమీ కాదు. ఇంటర్నెట్ పట్టుకుపోయింది ఆ డబ్బునే.

అపోహ: పరిశోధన అంటే ఎవరో అర్ధరాత్రి రహస్య ఫైలు తెచ్చి ఇవ్వడం, లేదా చొక్కా గుండీలో కెమెరా పెట్టుకుని వెళ్లడం.

వాస్తవం: రహస్య ఫైళ్లు ఉంటాయి. విదేశీ డొల్ల కంపెనీల గుట్టు విప్పిన 2016 నాటి పనామా పత్రాలు దాదాపు కోటీ 15 లక్షలు, వాటిని 80 దేశాల పాత్రికేయులు పంచుకుని చదివారు. కానీ మా పనిలో ఎక్కువ భాగం అందరికీ అందుబాటులో ఉన్న రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడడమే.

పేరు బయటపడకుండా పార్టీలకు విరాళం ఇవ్వడానికి అప్పట్లో స్టేట్ బ్యాంకులో కొన్న ఎన్నికల బాండ్ల ఉదంతం చూడండి. బాండు మీద కొనుగోలుదారును గుర్తించే ఆనవాలేదీ లేదని ప్రభుత్వం చెబుతున్న కాలంలో, 2018లో, ఒక వెబ్‌సైటు విలేకరి పూనమ్ అగర్వాల్ వెయ్యి రూపాయల బాండు కొని ప్రయోగశాలకు పంపితే, అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే సంఖ్య బయటపడింది. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టివేసిన తర్వాత, మార్చి 14న ఎన్నికల సంఘం పెట్టిన సమాచారంలో కొన్నవారి జాబితా ఒకటి, సొమ్ము చేసుకున్న పార్టీల జాబితా ఇంకొకటి ఉన్నాయి తప్ప రెండింటినీ కలిపే సంఖ్య లేదు. కోర్టు మళ్లీ ఆదేశించాక మార్చి 21న సంఖ్యలు వచ్చాయి. రెండు వైపులా సరిపోల్చడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగిన ఆ పనిని పాత్రికేయులు కంప్యూటర్ల సాయంతో వెంటనే మొదలుపెట్టేశారు. కొన్ని చిన్న డిజిటల్ సంస్థలు పోటీని పక్కనపెట్టి ఆ జాబితాలను కలిసి చదివాయి. పత్రికల రోజుల్లో పక్క పత్రికతో ఫొటో పంచుకున్నా మెమో వచ్చేది.

ఆ జాబితాలో 966 కోట్ల రూపాయల బాండ్లతో రెండో స్థానంలో ఉన్నది హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే మేఘా ఇంజినీరింగ్ కాబట్టి తెలుగు పాఠకులకూ ఆసక్తి కలిగింది. అయితే బాండు కొనడం అప్పటికి చట్టబద్ధమే. కొన్న తేదీని, కాంట్రాక్టు దక్కిన తేదీని పక్కపక్కన చూపించవచ్చు. ఒకదాని వల్లే రెండోది వచ్చిందని రాయాలంటే ఇంకో కాగితం కావాలి. వీడియో ముఖచిత్రం, అంటే థంబ్‌నెయిల్ తయారుచేసేవారికి ఈ తేడా చెప్పడమే నాకు రోజూ పెద్ద పని.

చిన్న స్థాయిలోనూ ఇంతే. ఒక గ్రామ రోడ్డు పని మీద సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో, ఇంజినీరు పని కొలతలు నమోదు చేసే ఎం-బుక్ నకలు అడిగాను. చట్టం చెప్పే 30 రోజులు దాటిపోయాయి, మొదటి అప్పీలు వేశాక నాలుగో నెలలో కాగితాలు చేతికొచ్చాయి. కొలతలు తీసిన తేదీల్లో రెండు రోజులు ఆ ఇంజినీరు సెలవులో ఉన్నట్టు హాజరు పట్టీలో ఉంది. ఎగిరి గంతేశాను. వివరణ కోసం ఫోన్ చేస్తే ఆయన విసుక్కోకుండా, ఒక రోజు సెలవును రద్దు చేసిన ఉత్తర్వు పంపించారు. రెండో రోజుకు మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు. వార్త సగమైంది, కానీ నిలబడింది. ఆ ఫోన్ చేయకుండా వేసి ఉంటే మర్నాడు వేయాల్సింది ఖండనే.

అపోహ: ఆన్‌లైన్‌లో పెట్టింది శాశ్వతంగా ఉంటుంది.

వాస్తవం: గ్రంథాలయంలో అట్టకట్టిన పాత పత్రికను ఇవాళ కూడా తెరవగలం. నేను నాలుగేళ్ల కిందట రాసిన వార్తల లింకులు కొన్ని, సైటు మార్చినప్పుడు పోయాయి. మూలాలు ఇంకా సులభంగా మాయమవుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైటులో పెట్టడాన్ని 2021 ఆగస్టులో ఆపేసింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టడం మొదలైంది. అందుకే జీవో గానీ టెండరు నోటీసు గానీ కనబడగానే దింపుకుని, తేదీతో సహా భద్రపరచడం, వీలైతే వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకలు చేర్చడం మాకు అలవాటైపోయింది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) నిబంధనను కూడా 2023 నాటి డేటా రక్షణ చట్టం మార్చింది. ప్రజాప్రయోజనం ఉంటే వివరాలు ఇవ్వవచ్చన్న మాటలను ఆ నిబంధనలోంచి తీసేశారు. 8(2) సెక్షన్‌లో ఆ వెసులుబాటు మిగిలి ఉన్నా, ఇకపై హాజరు పట్టీ అడిగినా 'వ్యక్తిగతం' అనే జవాబు రావచ్చన్నదే నా భయం.

అపోహ: వెబ్‌సైటుకు పత్రిక మీద ఉండే చట్టాలు వర్తించవు.

వాస్తవం: భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు వేయడానికి అచ్చు వార్త అయినా ఒకటే, ఫోన్‌లో కనిపించే వార్త అయినా ఒకటే. తేడా ఏమిటంటే పెద్ద పత్రికకు లీగల్ విభాగం ఉంటుంది, చిన్న వెబ్‌సైటు సంపాదకుడు వాయిదాకు బస్సెక్కి వెళ్తాడు.

అపోహ: వార్తకు పాఠకుడు డబ్బు కట్టడు.

వాస్తవం: ఫ్రాన్స్‌లో 2008లో మొదలైన మీడియాపార్ అనే వార్తా వెబ్‌సైటు ప్రకటనలు తీసుకోకుండా చందాల మీదే నడుస్తూ, 2012లో బడ్జెట్ మంత్రి కయుజాక్ రహస్య విదేశీ ఖాతాను బయటపెట్టింది, మరుసటి సంవత్సరం ఆయన రాజీనామా చేశారు. మన దగ్గర మాత్రం, ఉదయం పేపర్ బాయ్‌కి నెల బిల్లు చెల్లించడానికి ఏనాడూ వెనకాడని ఇంట్లోనే ఈ-పేపర్ పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో ఉచితంగా తిరుగుతోంది. ఇది పిసినారితనం అనుకోను. చేతికి వచ్చిన వస్తువుకు చెల్లించడం మనకు అలవాటు, వార్త రాయడానికి పట్టిన నాలుగు నెలలకు ఎవరూ ఎప్పుడూ విడిగా బిల్లు చూపించలేదు. ఆ రోడ్డు వార్త కింద మేము చూపించాం: దరఖాస్తు, అప్పీలు, నకళ్లు, ప్రయాణాలకు ఎంతెంత అయిందో రాసి, చందా లింకు పెట్టాం. వచ్చినవాటిలో మొదటిది ఆ ఊరి నుంచే, వంద రూపాయలు.