మూత మీద నిప్పులు

మా పెరట్లో కాల్చిన మొదటి పిజ్జాకు అడుగు బొగ్గు, పైన పచ్చి పిండి. అంతకు పది నిమిషాల ముందు అవే నిప్పుల మీద కోడి కాళ్లు బంగారు రంగు తిరిగి, అక్కడక్కడ నల్లమచ్చలతో చూడముచ్చటగా కాలాయి. పొయ్యి అదే, బొగ్గు అదే, కాల్చిన చేతులూ అవే.

మేనల్లుడు సెలవులకు శ్రీకాకుళం వస్తూ మూత ఉన్న బొగ్గుల గ్రిల్లు మోసుకొచ్చాడు. మైదా తడిపింది వాడు, నిప్పులు రాజేసింది నేను. కనుక తప్పెవరిదన్న విచారణ జామచెట్టు కింద కాసేపు నడిచింది. "నిప్పు ఎక్కువైంది మామయ్యా" అని వాడు, "పిండి మందమైంది" అని నేను. అరుగు మీద కూర్చున్న మా అమ్మ అంతా విని, "దిబ్బరొట్టెకు మూత మీద కూడా నిప్పులు వేసేవాళ్లం. మీరు వెయ్యలేదు. పైన ఎలా కాలుతుంది?" అంది. ఇద్దరం నవ్వాం. ఆవిడ ఒక్క మాటలో తేల్చిన సంగతి నాకు బోధపడటానికి ఆ రాత్రి కాగితం, కలం, పందొమ్మిదో శతాబ్దపు సూత్రం ఒకటి కావలసివచ్చాయి.

ముందు బొగ్గు సంగతి. కర్రను గాలి సరిగా అందకుండా కాలిస్తే అందులోని నీరు, తారు, మండే వాయువులు వెళ్లిపోయి ముఖ్యంగా కర్బనం మిగులుతుంది. అదే కర్రబొగ్గు. కట్టె మంటలో నాలుకలు చాచేవి ఆ వాయువులే. బొగ్గులో అవి ముందే పోయాయి కాబట్టి పెద్ద మంటా ఉండదు, పొగా ఉండదు. ఆక్సిజన్ వచ్చి ముక్క ఉపరితలం మీదే కర్బనంతో కలుస్తుంది, ముక్క కణకణలాడుతుంది. కిలో మంచి బొగ్గులో సుమారు 30 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఆరిన కట్టెలో ఉండేది దాదాపు అందులో సగం.

మేము కొన్నది ఇస్త్రీ బండ్ల వాళ్లు కొనే చోటే. సరుగుడు బొగ్గు. బరువైన కర్ర కనుక నిప్పు చాలాసేపు నిలుస్తుంది. కొబ్బరి చిప్పల బొగ్గు కూడా గట్టిదే. ఉద్దానం వైపు బంధువులున్నవాళ్లకు చిప్పలకు కొదవ ఉండదు. అదే ఉద్దానంలో, పలాస చుట్టుపక్కల గుట్టలుగా కనిపించే జీడితొక్కను మాత్రం వంటనిప్పులో వెయ్యకూడదు. ఆ తొక్కలో ఉండే నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. జీడి ఒలిచే చేతులను అడిగితే తెలుస్తుంది. బాగా మండుతుంది కదా అని గుప్పెడు తొక్క పడేస్తే ఆ పొగ అంతా ముక్కల మీదికే చేరుతుంది. నిప్పు రాజెయ్యడానికి కిరోసిన్ కూడా వద్దు. అడుగున చిల్లులు పెట్టిన రేకు డబ్బాలో బొగ్గు నింపి, కింద కాగితం ముట్టిస్తే వేడిగాలి పైకి లేస్తూ కొత్త గాలిని తనే లాక్కుంటుంది. ఇరవై నిమిషాల్లో డబ్బా అంతా ఎర్రబడుతుంది. విసనకర్ర పని కూడా లేదు. జింకు పూత ఉన్న రేకు మాత్రం వాడకండి, వేడికి వచ్చే జింకు పొగ మంచిది కాదు. వెల్డింగ్ షాపులో జాలీ చేయించుకునేవాళ్లకూ ఇదే మాట.

ఇక వేడి. అది వస్తువును చేరే దారులు మూడని బడిలో చదువుకున్నాం: తగిలి పాకడం, గాలితో పాటు తేలిరావడం, కిరణంగా దూకడం. బొగ్గుల పొయ్యిలో రాజ్యం మూడోదానిదే. నిప్పుల మీద చెయ్యి చాపితే చురుక్కుమనేది గాలివల్ల కాదు, పరారుణ కిరణాలవల్ల. నమ్మకం లేకపోతే చేతికీ నిప్పుకూ మధ్య ఒక అట్టముక్క అడ్డం పెట్టండి, చురుకు ఆ క్షణమే ఆగుతుంది.

ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ స్టెఫాన్ 1879లో చెప్పిన నియమం ప్రకారం ఈ కిరణాల శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఉష్ణోగ్రతను కెల్విన్లలో కొలవాలి. నిప్పులు 700 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్నాయనుకుందాం, అంటే 973 కెల్విన్లు. లెక్క వేస్తే చదరపు మీటరుకు సుమారు 50 కిలోవాట్లు వస్తుంది. 200 డిగ్రీలకు వేడెక్కిన గ్రిల్లు మూత ఇచ్చేది అదే చదరపు మీటరుకు మూడు కిలోవాట్లలోపే. కింద నుంచి పద్దెనిమిది పాళ్లు, పై నుంచి ఒక పాలు! నేను నిప్పు తగ్గించినా, వాడు పిండి పలచన చేసినా సరిపడే తేడా కాదిది.

మాంసం ఈ అన్యాయాన్ని సహిస్తుంది. దాన్ని తిప్పవచ్చు, అంతే కారణం. కోడి కాలును నిమిషానికోసారి తిరగేస్తే రెండు వైపులా వంతులవారీగా వేడి అందుతుంది, మధ్యలో విరామం దొరికిన వైపు నుంచి వేడి నెమ్మదిగా లోపలికి పాకుతుంది. లోపల జరిగేది చిన్న డిగ్రీల తేడాలతో నడిచే వ్యవహారం. కండలోని మయోసిన్ అనే ప్రొటీన్ 50 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అప్పుడు ముక్క మెత్తగా, రసంగా ఉంటుంది. సుమారు 60 దాటాక కండను చుట్టుకున్న కొల్లాజెన్ పొరలు ముడుచుకుంటూ నీటిని పిండేస్తాయి. 66 నుంచి 73 మధ్య ఆక్టిన్ అనే మరో ప్రొటీన్ కూడా లొంగిపోతే రొమ్ము ముక్క పీచు తేలడం మొదలవుతుంది. కానీ కోడిలో ఉండే సూక్ష్మజీవుల భయం పోవాలంటే ముక్క నడిమధ్య 74 డిగ్రీలు చేరాలి. అంటే తగినంతకూ ఎక్కువకూ మధ్య ఉన్నది కొద్ది డిగ్రీల సందు. పైరంగు చూసి ఆ సందును పట్టుకోవడం పందెం కాయడమే. పొడుచుకునే థర్మామీటరు ఒకటి కొనుక్కోవడం చవక. కాలి ముక్కలు ఇంత పేచీ పెట్టవు. వాటిలో కొల్లాజెన్ ఎక్కువ, అది 70 దాటాక తీరిగ్గా జిగురై కరుగుతుంది, కనుక 80కి చేరినా రసం పోయినట్టు అనిపించదు. మేక పిక్క కండకు మాత్రం గంటలు కావాలి. దానికి కుండే గతి. చువ్వకు గుచ్చి మొండిగా కాల్చినవాళ్ల దవడలకు నా సానుభూతి.

పైన పట్టే ఆ ఎర్రని, కమ్మని పొర సంగతి వేరు. అమినో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి వందలాది కొత్త రుచులు, వాసనలు పుట్టించే ఈ చర్యను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వర్ణించాడు. సుమారు 140 డిగ్రీల దగ్గర అది జోరందుకుంటుంది. తడిగా ఉన్న ఉపరితలం 100 దాటదు, నీరు ఆవిరవుతూ వేడినంతా తినేస్తుంది. అందుకే పెరుగు మసాలా ముద్ద కారుతున్న ముక్కను నిప్పుల మీద వేస్తే ముందు ఉడుకుతుంది, తర్వాత మాడుతుంది, మధ్యలో కాలడమన్నదే ఉండదు. ముద్ద దులిపి, పొడిగా తుడిచి వెయ్యాలి. ఉప్పు ఎలాగూ లోపలికి దిగే ఉంటుంది. మిగిలిన మసాలా పెద్దగా దిగదు, పైపైనే ఉంటుంది. పచ్చిబొప్పాయి కూడా అంతే. అందులోని పపైన్ పైపొరనే కరిగిస్తుంది, రాత్రంతా నానబెడితే పైన పిండి, లోపల అదే మొండితనం.

అరకు దారిలో అమ్మే బొంగు చికెన్ దీనికి సరిగ్గా ఎదురుదారి. పచ్చి వెదురు తన తడితో తాను కాలిపోకుండా కాచుకుంటూ లోపలి ముక్కలను ఆవిరిలో ఉడికిస్తుంది. అక్కడ మయార్ చర్యకు చోటు తక్కువ, ముక్క లేతదనానికి చోటు ఎక్కువ.

కొవ్వు సంగతి ఒకటి ఉంది. కొవ్వు బొట్లు నిప్పుల్లో పడి లేచే పొగలో బెంజోపైరీన్ వంటి పదార్థాలుంటాయి. దాన్ని క్యాన్సర్ కారకంగా ఎప్పుడో నిర్ధారించారు. ఎప్పుడో ఒకనాటి విందుకు భయపడనక్కర్లేదు గానీ, బొట్టు పడి మంట లేచిన ప్రతిసారీ 'ఆహా, పొగ వాసన' అని మురిసిపోనూ అక్కర్లేదు. నిప్పులన్నీ ఒక పక్కకు తోసి, ముక్కలను రెండో పక్కన పెట్టి మూత వేస్తే కొవ్వు ఖాళీ చోట పడుతుంది, వేడిగాలి ముక్క చుట్టూ తిరిగి కాలుస్తుంది. గుండ్రటి మూత గ్రిల్లు పుట్టింది కూడా గాలి గొడవతోనే. 1952లో షికాగో దగ్గర, పడవలకు దారి చూపుతూ నీటి మీద తేలే లోహపు బోయాలు తయారుచేసే కార్ఖానాలో పనిచేసిన జార్జ్ స్టీఫెన్, గాలికి తన పొయ్యి బూడిద మాంసం మీద పడుతోందని విసిగి, బోయాను రెండుగా కోయించి కింది చిప్ప పొయ్యిగా, పై చిప్ప మూతగా చేసుకున్నాడు. కళింగపట్నం ఒడ్డున సాయంత్రం పొయ్యి వెలిగించి చూసినవాళ్లెవరైనా ఆయన బాధ పంచుకుంటారు.

పిజ్జాను తిప్పలేం. పైన టమాటా గుజ్జు, చీజు, ఉల్లిపాయలు. పైగా ఆ గుజ్జు తడిది, నీరున్నంతసేపూ 100 దాటనివ్వదు. కింద పిండికేమో ఎర్రటి నిప్పుల నుంచి కిరణాలు సూటిగా తగులుతున్నాయి. నేపుల్స్‌లో ఈ చిక్కు ఎలా విడిపోయిందో చూడండి. 2017లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన అక్కడి పిజ్జా విద్యలో సగం కొలిమి కట్టడంలోనే ఉంది. 400 డిగ్రీలు దాటిన ఇటుక గుమ్మటం పైనుంచి కిరణాలు కురిపిస్తుంది, ఇటుక నేల కిందినుంచి నెమ్మదిగా వేడినిస్తుంది, నిమిషం, నిమిషంన్నరలో పని పూర్తి. నేల ఇటుకదే కావడంలో కిటుకుంది. ఇనుము వేడిని ఇటుక కంటే కొన్ని పదుల రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది. అంత వేడి ఇనుప పలక మీద పిండి వేస్తే పైభాగం లేవకముందే అడుగు నల్లబడుతుంది. ఇటుక పిసినారి, దాచుకున్న వేడిని లెక్కపెట్టి ఇస్తుంది.

ఇది చదివి నేను చేసిన మొదటి పని గట్టు కట్టగా మిగిలిన కడప బండ ముక్కను గ్రిల్లు మీద పెట్టడం. పావుగంటకు అది ఢామ్మని పగిలి, పలకలు లేచింది. మేనల్లుడు కొబ్బరిచెట్టు వెనక తేలాడు. కడప రాయి పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. పొరల మధ్య చేరిన నీరు ఆవిరై వెళ్లే దారి లేక రాయిని చీల్చుకుని వచ్చింది. వానాకాలం తడిసిన ఇటుకలూ ఇలాగే పగలవచ్చు. రెండు రోజులు ఎండలో పెట్టి, ఆ తర్వాత సన్నటి సెగ మీద ఆరబెట్టాలి.

మూడోసారి అమ్మ మాట విన్నాం. జాలీ మీద ఆరిన ఇటుకలు పరిచి, రెండు పక్కలా ఒక్కో వరస ఇటుకలు నిలిపి, వాటి మీద వాడకం మానేసిన ఇనుప పెనం పెట్టి, పెనం నిండా నిప్పులు పోశాం. కింద ఉన్న నిప్పులను అంచులకు తోశాం. ఇనుము పిండికి అడుగున ఉంటే శత్రువు, నెత్తిన ఉంటే మిత్రుడు. పైన పోసిన నిప్పుల వేడిని త్వరగా కిందివైపుకు దింపి తనే కిరణాలు విసురుతుంది. పెనం అడుగు 400 డిగ్రీలకు చేరితే, 200 డిగ్రీల మూత కంటే నాలుగు రెట్లు ఎక్కువ శక్తి ఇస్తుంది. కంటికి మాత్రం నల్లగానే ఉంటుంది. ఇనుము చీకట్లో ఎర్రగా కనిపించడం మొదలయ్యేది 525 డిగ్రీల చుట్టుపక్కలే. అదీ కాక పెనానికీ పిజ్జాకూ మధ్య ఎడం నాలుగు వేళ్లే, కిరణాలు పక్కలకు చెదరవు.

నాలుగు నిమిషాలు పట్టింది. అంచులు ఉబ్బి, చీజు మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. అడుగు పులిచర్మంలా మచ్చలు తేలిందే గానీ మాడలేదు. నేపుల్స్ వాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ అమ్మ అంచు ముక్క తుంచి నమిలి, "మినప్పిండి అయితే ఇంకా బాగుండును" అంది.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. నిప్పులు ఇంకా బోలెడున్నాయి, గ్రిల్లును వరండా గదిలోకి లాగుదామా అన్నాడు మేనల్లుడు. వద్దన్నాను. కిలో బొగ్గు పూర్తిగా కాలడానికి సుమారు పది ఘనమీటర్ల గాలి కావాలి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో ఉండేది 28 ఘనమీటర్లే. గాలి చాలకపోతే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పొగ లేదు కదా అని బొగ్గును నమ్మడమే ప్రమాదం. బాలింత గదిలో కుంపటి పెట్టే రోజుల్లో ఇళ్లకు పెంకుల సందులు, మూతపడని కిటికీలు ఉండేవి. ఇప్పటి గదులు అలాంటివి కావు. నిప్పు ఆరినట్టు కనిపించినా నివురు కింద గంటల తరబడి ఆ వాయువు వస్తూనే ఉంటుంది.

చూరు కిందకు, గాలాడే చోటికి జరిపాం. అమ్మ లోపలికి వెళ్లి రెండు చిలగడదుంపలు తెచ్చి నివురులో పూడ్చింది. పెనం మీది నిప్పులు కింద పోసి, మూత వేసి, కింది రంధ్రం, పై రంధ్రం రెండూ మూశాను. గాలి అందక నిప్పులు చల్లారాయి. మర్నాడు పొద్దున మూత తీస్తే సగం బొగ్గు చెక్కుచెదరకుండా ఉంది. దుంపల తొక్క నల్లబడింది, లోపల పసుపు రంగులో మెత్తగా ఉన్నాయి.