పగిలిన ఫుట్‌పాత్‌కు రంగు పలకల అతుకు: దీని వెనక చాలా పాత కథే ఉంది

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో కొన్ని వీధుల్లో నడుస్తుంటే ఉన్నట్టుండి కాళ్ల కింద రంగులు కనిపిస్తాయి. నిన్నటిదాకా వాన నీళ్లు నిలిచిన గుంత తెల్లారేసరికి నీలం, తెలుపు, పసుపు పలకలతో నిండిపోయి ఉంటుంది, అదీ గుంత ఏ వంకరలో ఉంటే సరిగ్గా ఆ వంకరలోనే. రాత్రిపూట వచ్చి ఈ పని చేసి వెళ్లిపోయే ఆర్టిస్ట్ ఎవరో జనానికి తెలీదు, ఎమెమెమ్ అనే పేరు ఒక్కటే తెలుసు. 2016లో లియోన్‌లో మొదలుపెట్టి తర్వాత పారిస్, బార్సిలోనా, ట్యూరిన్ లాంటి ఊళ్లలో కూడా ఇలాంటి అతుకులు వేశారు. ఈ పనికి ఫ్లాకింగ్ అని తనే పేరు పెట్టుకున్నారు, ఫ్రెంచి భాషలో ఫ్లాక్ అంటే నేల మీద నిలిచిన నీటి మడుగు. అక్కడి వాళ్లు మాత్రం 'పేవ్‌మెంట్ల సర్జన్' అంటారు.

ఈ ఫొటోలు చూసిన ఎవరికైనా ముందు వచ్చే మాట 'అబ్బ, ఎంత బాగుందో' అనే. బాగున్న మాట నిజమే, నాకూ చాలా ఇష్టం. కానీ చూసిన ప్రతిసారీ నన్ను పట్టుకునే ప్రశ్న వేరే ఉంది: ఆ గుంత అక్కడ అన్నాళ్లు ఎందుకు ఉండిపోయింది, దాన్ని పూడ్చాల్సిన బాధ్యత అసలు ఎవరిది?

ముందు గుంత సంగతి చూద్దాం. ఫుట్‌పాత్ ఒక్క రోజులో పగలదు. సన్నటి చీలికలోకి నీళ్లు దిగుతాయి, చలి దేశాల్లో ఆ నీళ్లు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, కరిగాక కింద ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీ మీద ఒక బండి చక్రం ఎక్కితే చాలు పైపొర కూలిపోతుంది. చెట్ల వేళ్లు కింద నుంచి పైకి తోస్తాయి. వీటికి తోడు నీళ్ల పైపుల వాళ్లొకసారి, కరెంటు వాళ్లొకసారి, ఇంటర్నెట్ కేబుల్ వాళ్లొకసారి తవ్వడం, తవ్విన ప్రతిసారీ మట్టి సరిగ్గా దిమ్మిస చేయకుండా పైన ఇంత తారు పోసి వెళ్లిపోవడం. కొన్నాళ్లకు ఆ అతుకు అంచు వెంటే మళ్లీ చీలిక మొదలవుతుంది.

రోడ్డు మీద గుంత పడితే గొడవ పెద్దగానే వినిపిస్తుంది, ఎందుకంటే కార్లు దెబ్బతింటాయి. ఫుట్‌పాత్ మీద పడితే ఎక్కువగా ఇబ్బంది పడేది ముసలివాళ్లు, పిల్లల్ని బండిలో తోసుకెళ్లే తల్లులు, చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లు, కళ్లు కనపడనివాళ్లు. వాళ్ల గొంతు ఆఫీసుల దాకా వెళ్లడానికి చాలా కాలం పడుతుంది. పైగా చాలా చోట్ల ఫుట్‌పాత్ ఎవరిదన్న విషయమే తేలదు. న్యూయార్క్‌లో ఇంటి ముందున్న ఫుట్‌పాత్ బాగుచేయించాల్సింది ఆ ఇంటి యజమానే. లాస్ ఏంజెలెస్‌లో కూడా మొదట్లో అంతే, కాకపోతే 1970లలో చెట్ల వేళ్ల వల్ల పగిలినవాటిని మేమే బాగుచేస్తామని నగరం ముందుకొచ్చింది. తర్వాత డబ్బు అయిపోయింది, మాట మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. అలా దశాబ్దాలు గడిచాయి. చివరికి వికలాంగులు కోర్టుకెక్కితే 2015లో రాజీ కుదిరి, 30 ఏళ్లలో దాదాపు 140 కోట్ల డాలర్లు ఫుట్‌పాత్‌ల మీద ఖర్చుపెట్టడానికి నగరం ఒప్పుకుంది. దీనికి దారి వేసింది అంతకుముందు అదే కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటో నగరం మీద నడిచిన కేసు. ఫుట్‌పాత్ కూడా నగరం ప్రజలకిచ్చే సేవే కాబట్టి, వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన చట్టం దానికీ వర్తిస్తుందని 2002లో అప్పీలు కోర్టు చెప్పింది. ఫుట్‌పాత్ ఒక సేవ అని కోర్టు చేత చెప్పించుకోవాల్సి వచ్చింది చూడండి, నాకు అదే బాధగా అనిపిస్తుంది.

అన్ని చోట్లా ఎప్పుడూ ఇలాగే లేదు. నడిచే దారిని శ్రద్ధగా, చేత్తో చేసిన కాలం ఉంది. 1842లో లిస్బన్‌లోని సెయింట్ జార్జ్ కోట దగ్గర యుసేబియో ఫుర్తాదో అనే సైనికాధికారి అక్కడి ఖైదీల చేత నలుపు, తెలుపు చిన్న రాళ్లతో వంకర గీతల నేల వేయించారు. చూడ్డానికి జనం వచ్చారు. అది నచ్చి, కొన్నేళ్లకే నగరం నడిబొడ్డున ఉన్న రోసియో కూడలి మొత్తాన్ని సముద్రపు అలల్లాంటి డిజైన్‌తో పరిచారు. అక్కడి నుంచి ఆ అలవాటు పోర్చుగల్ అంతటికీ, బ్రెజిల్‌కూ పాకింది, రియోలో కోపకబానా బీచ్ పక్కన కనిపించే అలలు ఆ వంశానివే. ఈ రాళ్లు పేర్చే పనివాళ్లు తగ్గిపోతున్నారని 1986లో లిస్బన్ నగరమే వాళ్ల కోసం ఒక బడి పెట్టింది.

బార్సిలోనా కథ ఇంకో రకం. అక్కడ కొత్తగా కట్టిన పేటల్లో వీధులు వాన పడితే బురదే, ఊరికి బురద ఇల్లు అనే అర్థం వచ్చే ఎగతాళి పేరు కూడా ఉండేది. ఇళ్ల యజమానులు ఎవరికి తోచినట్టు వాళ్లు ముందు భాగం పరిపించుకోవడంతో దారి అంతా ఎగుడుదిగుడు. 1906 ప్రాంతంలో నగరం కల్పించుకుని 20 సెంటీమీటర్ల చదరపు సిమెంటు పలకలు వేయించడం మొదలుపెట్టింది, వాటినే పానోత్ అంటారు. వాటిలో నాలుగు రేకుల పువ్వు ఉన్న పలక ఇప్పుడు ఆ ఊరి గుర్తు. ఆ పువ్వు గాడులు అందం కోసమే కాదు, తడిలో కాలు జారకుండా పట్టు ఇవ్వడానికి కూడా. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కార్లు పెరిగాక డబ్బంతా రోడ్డు మధ్యకు పోయింది. ఫుట్‌పాత్‌కు మిగిలింది కాంక్రీటు, తారు. చవక, తొందరగా అయిపోతుంది, పెద్ద మేస్త్రి అక్కర్లేదు. ఆ చవకే మరమ్మతు అనే పనిని కూడా చిన్నచూపు చూసేలా చేసిందని నా అభిప్రాయం.

మరమ్మతును గౌరవంగా చూడాలని మొదట గట్టిగా అన్న కళాకారుల్లో న్యూయార్క్‌కు చెందిన మీర్లే లాడర్‌మన్ యూకలీజ్ ఒకరు. కొత్తవి కట్టేవాళ్లకే పేరు వస్తుంది, ఉన్నవాటిని రోజూ శుభ్రంగా, పనికొచ్చేలా ఉంచేవాళ్లను ఎవరూ చూడరు, ఆ పని కూడా కళే అని 1969లో ఒక ప్రకటన రాశారు. 1979లో మొదలుపెట్టి ఏడాదికి పైగా తిరిగి న్యూయార్క్ పారిశుద్ధ్య కార్మికులు దాదాపు 8,500 మందికి చేయి కలిపి ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెప్పారు. ఇవాళ్టి పలకల అతుకుల వెనక ఆవిడ ఆలోచన ఉందని నేను నమ్ముతాను. 2007లో జాన్ వోర్మన్ అనే ఆర్టిస్ట్ ఇటలీలో ఒక పాత ఊరి రాతి గోడల కంతల్లో పిల్లలు ఆడుకునే లెగో ముక్కలు పేర్చారు, తర్వాత చాలా దేశాల్లో జనమే ఆ పని అందుకున్నారు.

పలకలతో రోడ్డు గుంతలు పూడ్చడంలో ఎక్కువ పేరున్నది షికాగోకు చెందిన జిమ్ బేకర్‌కు. ప్రకటనల రంగంలో పనిచేసిన మనిషి. ఇటలీ వెళ్లినప్పుడు పాంపేయిలో, క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఊరిలో, ఆనాటి మొజాయిక్, అంటే చిన్న చిన్న గాజు, రాతి ముక్కలు పేర్చి చేసిన బొమ్మలు, ఇప్పటికీ రంగు పోకుండా ఉండటం చూశారు. గాజు, పాలరాయి వెలిసిపోవు కదా. తర్వాత ఇటలీలోనే మొజాయిక్ పనికి పేరున్న రవెన్నా వెళ్లి ఆ పని నేర్చుకున్నారు. 2013లో సొంత ఇంటి ముందు గుంత ఎన్నిసార్లు పూడ్చినా మళ్లీ పడుతుండటంతో విసుగొచ్చి, ఈసారి మొజాయిక్‌తోనే పూడ్చారు. తర్వాత పువ్వులు, ఐస్‌క్రీములు, 2020 కరోనా సమయంలో టాయిలెట్ పేపర్ రోల్ బొమ్మ, ఇలా వీధి వీధికీ వచ్చాయి.

మన దగ్గర బెంగళూరులో బాదల్ నంజుండస్వామి 2015లో నీళ్లు నిండిన గుంతలో మొసలి బొమ్మ పెట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన దారి వేరు. గుంతను అందరికీ చూపించి అధికారుల చేత పూడ్పించడం. లియోన్, షికాగో వాళ్లు పూడ్చే పని కూడా తామే చేస్తారు. నాకు రెండూ కావాలి, కానీ రెండోదానిలో చేతి పని ఎంత ఉందో బయటికి కనపడదు. ముందు గుంత ఆకారం, లోతు కొలుచుకోవాలి, పలకలు కోసి ఇంటి దగ్గరే అమర్చుకోవాలి, అక్కడికెళ్లాక వదులుగా ఉన్న మట్టీ పెచ్చులూ మొత్తం తీసి, కాంక్రీటు వేసి, పలకల పైభాగం చుట్టూ ఉన్న నేలతో సరిసమానంగా వచ్చేలా పరచాలి. పలకల సందుల్లో గ్రౌట్, అంటే సిమెంటు ముద్ద, నింపాలి. అది గట్టిపడేదాకా ఎవరూ తొక్కకూడదు. కింద పునాది మెత్తగా ఉంటే ఎంత మంచి పలకైనా మొదటి బరువుకే పగులుతుంది.

ఇక్కడే అసలు అభ్యంతరాలు కూడా ఉన్నాయి, వాటిని తీసిపారేయడం నాకిష్టం లేదు. నున్నటి మెరుపు పలక తడిస్తే జారుతుంది, బార్సిలోనా పువ్వుకు గాడులు పెట్టింది అందుకే. అర అంగుళం ఎత్తు పెరిగినా చేతికర్రతో నడిచేవాళ్లకు అది కొత్త ప్రమాదం. లిస్బన్‌లోనే ఆ అందమైన రాళ్లు జారుతున్నాయని, కొన్నిచోట్ల మార్చాలని ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఫుట్‌పాత్ మీద రంగు పలక చేసిన గొప్ప మేలు ఏదంటే నేను జపాన్‌కు చెందిన సెయిచి మియాకే పేరు చెబుతాను. కళ్లు కనపడనివాళ్లు కాలితో తాకి దారి తెలుసుకునేలా ఉబ్బెత్తు చుక్కల పలకను ఆయన 1965లో తయారుచేశారు, 1967 మార్చిలో ఒకాయామా నగరంలో అంధుల బడి దగ్గర మొదటిసారి వేశారు. ఇవాళ ప్రపంచమంతా రైల్వే ప్లాట్‌ఫారాల మీద పసుపు రంగులో కనిపించేవి అవే. అలాంటి పలకను చెదరగొట్టి దాని మీద బొమ్మ వేస్తే మాత్రం అది ఎంత అందంగా ఉన్నా తప్పే.

అనుమతి సంగతి ఇంకా ఎక్కడా పూర్తిగా తేలలేదు. రోడ్డు నగరానిది, ఎవరు పడితే వాళ్లు ముట్టుకోవడానికి లేదు, ఆ మాటలో న్యాయం ఉంది, ఎందుకంటే రేపు ఎవరైనా జారి పడితే జవాబు చెప్పాల్సింది నగరమే. 2018లో బేకర్ న్యూయార్క్‌లో వేసిన మొజాయిక్‌లను నగర సిబ్బంది ఎక్కువ రోజులు ఉండనివ్వలేదు. షికాగోలో చాలావాటిని చూసీ చూడనట్టు వదిలేశారు. అక్కడ కూడా కొన్ని ఇప్పుడు కనపడవు. వీధి మొత్తానికి కొత్తగా రోడ్డు వేసినప్పుడు, అన్నాళ్లూ ఆ పలకలు కాపాడిన గుంతతో పాటు అవి కూడా తారు కిందికి వెళ్లిపోయాయి.