కొట్టంలో బురద ఎటు నుంచి వస్తుందో ముందు చూడండి

హైదరాబాద్

పిల్లలూ,

వానలు మొదలవగానే మేకల కొట్టంలో మొరం పోయించమని ఇంట్లో గొడవ చేస్తారు కదా! పోస్తారు, నెల తిరక్కుండా ఆ మొరమూ బురదలో కలిసిపోతుంది. నీళ్ల దారి మళ్లించకుండా ఎన్ని ట్రాక్టర్లు పోసినా అంతే.

వాన పడుతున్నప్పుడే గొడుగేసుకుని వెళ్లి చూడండి. కొట్టాన్ని ఎక్కువగా పాడుచేసేది రేకుల అంచు నుంచి కారే నీళ్లే. పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉన్న రేకుల మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 460 లీటర్లు కిందికి దిగుతాయి. అదంతా దడి మొదట్లోనే పడితే నేల ఎట్లా ఆగుతుంది? రేకులు దడి దాటి రెండడుగులు బయటికి ఉండాలి. సగానికి చీల్చిన పీవీసీ పైపును అంచుకు కట్టి నీళ్లను దూరంగా వదలాలి. ఎగువ వైపు అడుగు వెడల్పున కాలువ తవ్వితే బయటి నీళ్లు లోపలికి రావు. నీళ్ల తొట్టిని కూడా దడి బయట పెట్టి, మేక తల మాత్రమే దూరేంత సందు వదలండి. లోపల పెడితే ఎండాకాలంలోనూ దాని చుట్టూ బురదే.

ఇక మొరం సంగతి. పది మేకలకు 100 నుంచి 120 చదరపు అడుగుల చోటు కావాలి. ఆరంగుళాల మందం పోయాలంటే 50 నుంచి 60 ఘనపుటడుగుల మొరం పడుతుంది. ఇబ్రహీంపట్నం వైపు ఎర్ర చెల్కలో నేరుగా పోసినా నిలుస్తుంది. చేవెళ్ల వైపు నల్లరేగడిలో అట్లా కుదరదు. తడిసిన రేగడి మొరాన్ని మింగేస్తుంది. అక్కడ పైమట్టి అర అడుగు తీసేసి, ఇటుక ముక్కలు పరిచి, ఆపైన మొరం పోసి దిమ్మిస కొట్టాలి. పదడుగులకు మూడంగుళాల వాలు ఉంచండి. లోపలి నేల బయటికంటే అడుగు ఎత్తులో ఉంటే ఇంకా మంచిది.

రోజూ పొద్దున మేకలను బయటికి తోలాక పెంటికలు పొడిగానే ఊడవండి. మట్టి నేలను కడగొద్దు. శుభ్రం చేస్తున్నామనుకుని బకెట్లతో నీళ్లు కుమ్మరించేవాళ్లే ఎక్కువ, నాకు అదే కోపం. ఉచ్చ పడి తడిసిన చోట మట్టిని పారతో గీరి తీసి, పొడి మొరం చల్లితే చాలు. బాగుందో లేదో తెలియాలంటే మేకపిల్ల ముక్కు ఎత్తుకు వంగి ఒకసారి గాలి పీల్చండి. కళ్లు మండితే తడి మిగిలి ఉన్నట్టే. మేకపిల్లలకు ఊపిరితిత్తుల జబ్బులు ఆ ఘాటుతో ఎక్కువవుతాయి. నేల మీద మేత వేసినా పెంటికలతో కలిసి కడుపులోకి వెళ్తుంది, పారుడు పట్టుకుంటుంది. కొమ్మలను కట్టగా కట్టి వేలాడదీయండి. పదిహేను రోజులకోసారి సున్నప్పొడి పెద్దవాళ్లతో చల్లించండి. దుమ్ము అణిగాకే మేకలను లోపలికి తోలాలి.

బురదలో నానితే గిట్టల మధ్య చర్మం మెత్తబడి పగులుతుంది, అక్కడే కుళ్లు మొదలవుతుంది. రెండు గిట్టల సందులో చూడండి: ఎర్రగా ఉండి, చెడు వాసన వస్తే అదే. కొన్ని మేకలు ముందు మోకాళ్ల మీద కూర్చుని మేస్తాయి, అది ఆకలి ఎక్కువై కాదు, కాళ్లు నొప్పి. అప్పుడు పెద్దవాళ్లు పది లీటర్ల నీళ్లలో అర కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపి, గిట్టలు మునిగేలా ఐదు నిమిషాలు నిలబెట్టాలి. గిట్టలకు అంటిన బురద ముందే కడిగేయాలి, లేకపోతే మందు మట్టిలోనే విరిగిపోతుంది. ఆ నీళ్లు మేకలు, ముఖ్యంగా గొర్రెలు తాగకూడదు, విషం. తర్వాత గంటసేపు పొడి నేల మీదే ఉంచాలి. రెండు మూడు రోజుల్లో కుంటు తగ్గకపోతే పశువుల దవాఖానకు తీసుకెళ్లండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయించండి.

మీ తాత