మౌస్ కింద ఏముండాలి?

గేమింగ్ మౌస్ కొనేటప్పుడు డీపీఐ (మౌస్ అంగుళం జరిగితే కర్సర్ ఎన్ని చుక్కలు జరగాలన్న లెక్క) ఎంత, బరువెంత, తీగ ఉందా లేదా అని తెగ ఆరా తీస్తాం. తీరా కొన్నాక దాన్ని తళతళలాడే టేబుల్ మీద పెట్టేసి, గురి కుదరడం లేదని మౌస్ మీద విసుక్కుంటాం.

మౌస్ పొట్ట కింద ఉన్నది నిజానికి ఓ బుల్లి కెమెరా. దాని పక్కనున్న ఎల్ఈడీ కాంతి టేబుల్ మీద ఏటవాలుగా పడుతుంది. పొద్దు వాలేవేళ దున్నిన చేలో ప్రతి చాలూ నీడతో సహా కనబడినట్టే, ఆ కాంతిలో గుడ్డ పోగులు, కాగితంలోని నారలు వెలుగునీడలుగా తేలతాయి. కెమెరా వాటిని ఆపకుండా ఫొటోలు తీస్తూ ఉంటుంది. ఒక ఫొటోలోని మచ్చలు తర్వాతి ఫొటోలో ఎటు, ఎంత జరిగాయో చిప్ లెక్కగట్టి కర్సర్‌ని అంత జరుపుతుంది. ఫొటో అన్నానని మరీ గొప్పగా ఊహించుకోకండి. ఈ కెమెరా, చిప్ కలిపి సెన్సర్ అంటారు; గేమర్లలో బాగా పేరున్న పీఎండబ్ల్యూ 3360 సెన్సర్‌కి కనిపించేది 36 అడ్డం, 36 నిలువు చుక్కల బొమ్మ మాత్రమే. కాకపోతే అలాంటివి సెకనుకు 12,000 దాకా తీస్తుంది.

అన్ని ఫొటోలు దేనికంటే, వరసగా తీసిన రెండు బొమ్మల్లో కొంతభాగమైనా ఒకటే ఉండాలి. సెన్సర్ చూసే మేర సుమారు ఒక మిల్లీమీటరు. ఆటలో శత్రువు పక్కనుంచి వచ్చాడని చేతిని సెకనుకు 3 మీటర్ల వేగంతో విసిరారనుకోండి. 1999లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ సెకనుకు 1500 ఫొటోలు తీసేది. ఆ లెక్కన ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య మౌస్ 2 మిల్లీమీటర్లు దాటిపోతుంది, పోల్చడానికి ఏమీ మిగలదు. అదే 12,000 అయితే జరిగేది పావు మిల్లీమీటరే.

అసలు 1980 ప్రాంతంలో జిరాక్స్‌లో రిచర్డ్ లయన్, ఎంఐటీలో స్టీవ్ కిర్ష్ విడివిడిగా తయారుచేసిన తొలి ఆప్టికల్ మౌస్‌లు మామూలు బల్ల మీద పనిచేసేవే కావు. వాటికి చుక్కలో గళ్ళో అచ్చువేసిన ప్రత్యేకమైన ప్యాడ్ కావాలి. ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. ఒకే నమూనా పదేపదే వచ్చే అచ్చు కింద ఉంటే ఇప్పటి సెన్సర్ తికమకపడవచ్చు, ఒక గడికీ పక్క గడికీ తేడా దొరకదు కాబట్టి. మామూలు గాజు ఇంకా కష్టం, దానిమీద చూడటానికి గరుకే లేదు. 2004లో లాజిటెక్ కంపెనీ ఎల్ఈడీ బదులు లేజర్ కాంతి వాడే మౌస్ తెచ్చింది, 2009లో గాజు మీదా నడిచే డార్క్‌ఫీల్డ్ అనే లేజర్ పద్ధతి తెచ్చింది (ఆ గాజు కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి). అయితే లేజర్ గుడ్డ పోగుల లోతుల్లోకీ చూసేసి, వేగాన్ని బట్టి దూరాన్ని ఎక్కువతక్కువలుగా చెప్పడంతో గేమింగ్ మౌస్‌లు చాలావరకు మళ్ళీ ఎల్ఈడీ దారి పట్టాయి.

కాబట్టి మంచి సెన్సర్ ఉంటే ఏ మామూలు గుడ్డ ప్యాడ్ అయినా దాని కంటికి చాలు. ఇక ఎంచుకోవాల్సింది చేతి కోసం.

ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి కావాల్సినంత బలం, కదులుతున్నదాన్ని నడపడానికి అక్కర్లేదు. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ అని బడిలో చదివిందే. ఈ రెంటికీ తేడా ఎక్కువున్న ప్యాడ్ మీద వెంట్రుకవాసి గురి సర్దబోతే మౌస్ ముందు మొరాయించి, తర్వాత ఒక్కసారిగా జారి లక్ష్యం దాటిపోతుంది. ప్యాడ్‌ని చేత్తో తడిమి నున్నగా ఉందని తీసుకుంటే ఈ సంగతి తెలియదు. మౌస్ పెట్టి, కర్సర్‌ని ఒక అక్షరం చుట్టూ నెమ్మదిగా తిప్పి చూడాలి. అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి, ఎందుకంటే కొన్ని నేతల్లో రెండు దిక్కుల్లో జారుడు ఒకలా ఉండదు.

గుడ్డ ప్యాడ్‌కి ఇంకో గుణం ఉంది. ఆట చివర్లో టెన్షన్‌తో చెయ్యి బిగిస్తే కిందున్న మెత్తటి రబ్బరు అణిగి, మౌస్ కాళ్ళు (అడుగున అంటించిన నున్నటి ముక్కలు) కాస్త దిగబడి, ఘర్షణ పెరుగుతుంది. గురిపెట్టి ఆగి కాల్చే ఆటలకు ఇది మేలే చేస్తుందని నా అభిప్రాయం, ఆపడం మన చేతిలో ఉంటుంది. పారిపోయే లక్ష్యాన్ని వదలకుండా వెంటాడే ఆటలైతే గట్టి ప్లాస్టిక్, గరుకుపెట్టిన గాజు ప్యాడ్‌లు హాయి. సెన్సిటివిటీ (చెయ్యి జరిపినదానికి ఆటలో గురి ఎంత జరగాలన్న లెక్క) తక్కువ పెట్టుకుని భుజంతో ఆడేవాళ్ళకు ఏదైనా సరే వెడల్పుండాలి, 45 బై 40 సెంటీమీటర్లకు తగ్గితే చెయ్యి అంచు దాటుతుంది.

గుడ్డ చెమట పీల్చుకుంటుంది, గాలిలో తేమ పెరిగినా బరువుగా నడుస్తుంది. గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు పెట్టి చేత్తో ఉతికి నీడన ఆరబెడితే చాలావరకు తేరుకుంటుంది. నడిమధ్య నున్నగా అరిగి మెరుస్తుంటే మాత్రం ఉతుకుడు పనిచేయదు, కొత్తది కొనుక్కోవాల్సిందే. గట్టి ప్యాడ్‌లకు ఈ బెడద లేదు. కానీ అవి మౌస్ కాళ్ళకున్న టెఫ్లాన్‌ను త్వరగా అరగదీస్తాయి, అందుకని మీ మోడల్‌కి విడి కాళ్ళు దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి.