విధి మీదకు నెట్టేసిన నేరాలు: విషాద ప్రేమకథలపై అపోహలు – వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు సాహిత్యం చెప్పడం, సినిమా కథలు రాయాలనుకునే కుర్రవాళ్ల డ్రాఫ్టులు చదివి సలహాలివ్వడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక విషాద ప్రేమకథ తప్పకుండా నా టేబుల్ మీదకు వస్తుంది. అబ్బాయి, అమ్మాయి, అడ్డుపడే పెద్దలు, చివర్లో చావు. ఆ కథ ఎంచుకున్నందుకు నేనెవరినీ తప్పుపట్టను. ఎన్నో భాషలవాళ్లు శతాబ్దాలుగా చెప్పుకుంటున్న కథ అది. అయితే దాని గురించి మనం గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఆ కథల్ని సరిగా చదవనివ్వవు. చదివే పిల్లల్ని తప్పుదారి కూడా పట్టిస్తాయి. నా బాధ అదే.

అపోహ: వాళ్ల రాత అంతే. విధి విడదీసింది.

వాస్తవం: అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. దీనికి షేక్‌స్పియర్ కూడా కొంత కారణం. 'రోమియో అండ్ జూలియట్' మొదట్లోనే, ఆ ఇద్దరి నక్షత్రాలు బాగోలేవన్నట్టు ముందుమాట చెప్పించాడు. అది విని మనం నాటకం మొత్తాన్ని జాతకం ఖాతాలో వేసేస్తాం. ఒకసారి పక్కన పెన్సిల్ పెట్టుకుని, ఏ పని ఎవరు చేశారో రాసుకుంటూ చదవండి. రోమియోను ఊరి నుంచి వెళ్లగొట్టింది వెరోనా పాలకుడు. వేరే సంబంధం ఒప్పుకోకపోతే వీధుల్లో అడుక్కుతిని చావమని పద్నాలుగేళ్లు కూడా నిండని కూతురు జూలియట్‌ను తిట్టింది తండ్రి. ఆ పెళ్లిని గురువారం నుంచి బుధవారానికి జరిపిందీ ఆయనే. ఆ పెళ్లి తప్పించుకోవడానికి, చచ్చిపోయినట్టు కనిపించేలా చేసే మందును జూలియట్ ఆ ఒక్కరోజు మార్పుతో అనుకున్నదానికంటే ముందురోజు రాత్రే తాగాల్సివచ్చింది. ఇక ఈ ఎత్తు సంగతి చెబుతూ రోమియోకు చేరాల్సిన ఉత్తరం. దాన్ని తీసుకెళ్లాల్సిన సన్యాసి, ప్లేగు సోకిందేమోనన్న అనుమానంతో తలుపులకు సీలు వేసిన ఇంట్లో చిక్కుకుపోయాడు. దురదృష్టం అనదగ్గది ఇక్కడ ఇదొక్కటే. మిగిలినవన్నీ మనుషుల నిర్ణయాలు.

షేక్‌స్పియర్‌కు ఆధారమైన ఆర్థర్ బ్రూక్ కావ్యం 1562 నాటిది. అందులో కథ నెలల తరబడి సాగుతుంది. షేక్‌స్పియర్ దాన్ని నాలుగైదు రోజులకు కుదించాడు. ఎవరూ ఆగి ఆలోచించడానికి టైమ్ లేకుండా చేశాడు. మనం విధి అనుకుని వణికే ఆ వేగం నాటకకర్త పనితనం. రాసేవాళ్లు దీన్ని బాగా గమనించాలి.

మన దగ్గర 1978లో వచ్చిన 'మరో చరిత్ర'లో ప్రేమికుల ముందు ఏడాది ఎడబాటు షరతు పెట్టింది పెద్దవాళ్లే. కాళిదాసు మేఘదూతంలో యక్షుడికీ ఏడాది శిక్షే పడింది. అక్కడ శపించింది కుబేరుడు, యజమాని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిస్తే, అధికారం ఉన్నవాడు గడువు పెట్టడం, లేనివాడు రోజులు లెక్కపెట్టుకోవడం పిల్లలకు వెంటనే కనిపిస్తుంది.

అపోహ: విషాద ప్రేమ పడమటి సరుకు. మన సాహిత్యంలో అన్నీ సుఖాంతాలే.

వాస్తవం: సంస్కృత నాటకం శుభంగా ముగియాలన్న ఆచారం ఉన్న మాట నిజం. ప్రధాన నాయకుడి చావును చూపకూడదని నాటక లక్షణాలు చెప్పే ధనంజయుడి దశరూపకం చెబుతుంది. దాన్నిబట్టి మనవాళ్లు ఈ దుఃఖాన్నే ఎరగరనుకోవడం పొరపాటు. పైగా ఎంతో సూక్ష్మంగా లెక్క తేల్చుకున్నారు. మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే ఆ ఎడబాటు విప్రలంభ శృంగారం. ఆశ పూర్తిగా తెగిపోతే కరుణం. మనిషి పోయినా తిరిగి దక్కుతాడన్న ఆశ ఉంటే? దానికీ కరుణ విప్రలంభమని ఒక గది కట్టి ఉంచాడు సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు. బాణుడి కాదంబరిలో పుండరీకుడు, మహాశ్వేతల కథ ఆ గదిలోదే. ఇంత తేడా పట్టుకున్నవాళ్లకు విషాదం తెలియదనడం అన్యాయం.

కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గలో ఇందుమతి మీద పూలదండ పడుతుంది, ఆమె చనిపోతుంది. భర్త అజుడు ఏడ్చి ఏడ్చి, కొడుకు దశరథుడు ఎదిగేదాకా బతికి, ఆ తర్వాతే ప్రాణం వదులుతాడు. భార్య పోయిన మగవాడి దుఃఖానికి కాళిదాసు ఇచ్చినంత చోటు ఇచ్చిన కవులు తక్కువ. మా క్లాసులో ఈ సర్గ చదివిన రోజు ఎవరూ పుస్తకం తొందరగా మూయరు.

నాకు ఇంకా ఇష్టమైనది రురుడి కథ. ఆదిపర్వంలో వస్తుంది, నన్నయ తెలుగులో కూడా ఉంది. పెళ్లి ముహూర్తం దగ్గరపడుతుండగా ప్రమద్వరను పాము కరుస్తుంది. రురుడు అడవిలోకి పోయి ఏడుస్తాడు. నీ ఆయుష్షులో సగం ఇస్తే ఆమె లేస్తుందని దేవదూత చెబుతాడు. ఇచ్చేస్తాడు, ఆమె లేస్తుంది. గ్రీకుల ఓర్ఫియస్ కథ మొదలూ ఇంతే: కొత్త పెళ్లికూతురు, పాముకాటు, మృత్యులోకంతో బేరం. వెనక్కి తిరిగి చూడకూడదన్నది అక్కడి షరతు. అతను చూస్తాడు, ఆమెను పోగొట్టుకుంటాడు. ఒక కథ ఓర్పును పరీక్షించింది, ఇంకోటి త్యాగాన్ని కోరింది. ఒకే బీజం నుంచి రెండు ముగింపులు వచ్చాయి. ఈ మాటే తర్వాతి అపోహకు జవాబు.

అపోహ: పెద్ద ప్రేమకథలకు ముగింపు మొదటినుంచీ ఒక్కటే. దాన్ని మారిస్తే కథ చెడుతుంది.

వాస్తవం: పంజాబీ ప్రేమకథ హీర్ రాంఝాను 1766లో వారిస్ షా రాసినదాంట్లో హీర్‌కు ఇంటివాళ్లే విషం పెడతారు, ఆ కబురు విని రాంఝా కూలిపోతాడు. పంజాబు గుండెల్లో నిలిచింది ఆ రూపమే. కానీ అంతకు చాలాముందు దామోదర్ రాసిన హీర్‌లో ఇద్దరూ కలిసే వెళ్లిపోతారు. అంటే పాత కథ సుఖాంతం, తర్వాతి కవి దాన్ని విషాదం చేశాడు. సంస్కృత నాటకకర్త భవభూతి ఇందుకు సరిగ్గా ఎదురు పని చేశాడు. రామాయణంలో భూమిలోకి వెళ్లిపోయిన సీతను ఉత్తరరామచరితం చివర్లో రాముడికి తిరిగి అప్పగించాడు. నాటకమంతా కరుణంలో ముంచి, చివర్లో ఆ నిర్ణయం తీసుకున్నాడు. రోమియో జూలియట్ కూడా మారని కథేం కాదు. 18వ శతాబ్దంలో నటుడు డేవిడ్ గారిక్, రోమియో చనిపోకముందే జూలియట్‌ను లేపి ఇద్దరి చేతా మాట్లాడించాడు. ఆ రూపమే లండన్ రంగస్థలం మీద చాలాకాలం నడిచింది.

కాబట్టి ముగింపు చూసినప్పుడల్లా, ఈ కవి ఈ కాలంలో ఎందుకిలా ఎంచుకున్నాడని అడగాలి. ఆ ప్రశ్న నుంచే నిజమైన చదువు మొదలవుతుంది.

అపోహ: అనార్కలిని గోడలో సమాధి చేయడం చరిత్ర.

వాస్తవం: ఆమెను ప్రేమించాడని చెప్పే అక్బర్ కొడుకు సలీం, అంటే జహంగీర్, తన ఆత్మకథలో ఆమె ఊసే ఎత్తలేదు. లాహోర్‌లో ఒక సమాధి ఉంది, దాని మీద 'మజ్నూన్ సలీం అక్బర్' అన్న సంతకంతో పర్షియన్ పద్యం ఉంది. మిగిలింది చాలావరకు వదంతి, తర్వాతి కల్పన. 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ రాసిన నాటకం నుంచే సినిమాల దాకా పాకింది. 1960 నాటి 'మొఘల్-ఎ-ఆజం' అయితే ఆమెను సొరంగం గుండా ప్రాణాలతో పంపించేసింది.

ఆ సంతకం మాత్రం నాకు చాలా విలువైనది. పాదుషా కొడుకు తన బాధ చెప్పుకోవడానికి, అరబ్బు ఎడారిలో పిచ్చివాడై తిరిగిన ప్రేమికుడి పేరు అరువు తెచ్చుకున్నాడు. లైలా మజ్నూ కథను నిజామీ 1188లో పర్షియన్‌లో కావ్యంగా కూర్చాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత అది లాహోర్ సమాధి రాతి మీదకు చేరింది. మనుషులు ఇలాంటి కథల్ని తమ దుఃఖానికి భాషగా వాడుకుంటారు.

అపోహ: దేవదాసు ప్రేమ కోసం ప్రాణాలర్పించినవాడు.

వాస్తవం: 1953 సినిమాలో అక్కినేని నటన, ఘంటసాల గొంతు కలిసి ఈ అభిప్రాయాన్ని మన ఇళ్లలో స్థిరపరిచాయి. ఆ సినిమా అంటే నాకు ప్రాణం. అయినా 1917లో అచ్చయిన శరత్ నవల చదివితే వేరే మనిషి కనిపిస్తాడు. అర్ధరాత్రి పరువు పణంగా పెట్టి అతని గదికి వచ్చింది పార్వతి. తండ్రికి ఎదురు చెప్పలేక, నీ మీద అంత ప్రేమేం లేదన్నట్టు ఉత్తరం రాసింది దేవదాసు. తర్వాత బుద్ధి తెచ్చుకుని వెళ్తే ఆమె కాదంది. అప్పుడు చేపలు పట్టే కర్రతో ఆమె నుదుటి మీద కొట్టి మచ్చ మిగిల్చాడు. ధైర్యం చేయాల్సిన ఒక్క రాత్రి చేయలేకపోయిన జమీందారు బిడ్డ కథ ఇది. తాగుడు ఆ ఓటమికి పర్యవసానం. ప్రేమకు కొలత దాన్ని చేయడం శరత్‌కు అన్యాయం, పార్వతికి ఇంకా అన్యాయం. ఇప్పటికీ ప్రేమ బెడిసి తాగే ప్రతివాణ్ణీ మనం దేవదాసు అని జాలిగా పిలుస్తాం. ఆ జాలిలో అమ్మాయి నుదుటి మీద మచ్చ కనిపించదు.

అపోహ: ఈ కథల్లో అమ్మాయికి ఏడవడం తప్ప పని లేదు.

వాస్తవం: పెళ్లి మాట ముందు ఎత్తేది జూలియట్. ఖాజీతో ధర్మశాస్త్రం మీద వాదించేది హీర్. పార్వతి సంగతి పైన చెప్పాను. ఆడవాళ్ల నోరు నొక్కేసింది చాలావరకు తర్వాతి పోస్టర్లే.

అపోహ: చావు ఉంటేనే ప్రేమకు బరువు.

వాస్తవం: కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే నా ఎదుట కూర్చునేది పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు. ఆత్మహత్యను అందమైన గెలుపుగా చూపించే సీన్ ఏ డ్రాఫ్ట్‌లో ఉన్నా తిరిగి రాయమంటాను. పాత కథల్లో కూడా ప్రేమికుల చావు తర్వాత బతికున్నవాళ్ల నష్టాన్ని చూపించారు. వెరోనాలో రెండు కుటుంబాలు శవాల ముందు తలదించుకుని నిలబడతాయి. ఆ చివరి భాగాన్ని కత్తిరించి, సమాధి సీన్ ఒక్కటే గుర్తుపెట్టుకున్నది మనం.

బరువు ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే 1951 నాటి 'మల్లీశ్వరి' చూడండి. చివరికి రాయలవారు క్షమిస్తారు, నాగరాజు, మల్లి ఇద్దరూ బతుకుతారు. అయినా పల్లకీ వచ్చి మల్లిని తీసుకుపోయినప్పటి నొప్పి తగ్గదు. 1964లో 'మూగ మనసులు' గోదావరి సుడిగుండం దగ్గర కొత్త దంపతులతో మొదలై, పోయిన జన్మలో జరిగినది తర్వాత చెప్పింది. జంట మళ్లీ కలిసిందని మనకు ముందే తెలుసు, అయినా కళ్లు తడుస్తాయి. 'గీతాంజలి' (1989) ఇద్దరికీ ప్రాణాంతకమైన జబ్బులు పెట్టి కూడా వాళ్లు బతికుండగానే ఆగిపోయింది.

ఇలాంటి డ్రాఫ్ట్ తెచ్చినవాళ్లను నేను మొదట రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈ పెళ్లి వద్దన్నది ఎవరు? వద్దనడం వల్ల వాళ్లకు మిగిలేది ఏమిటి, ఆస్తా, కులమా, ఊళ్లో పరువా? రెండింటికీ జవాబు పేర్లతో సహా రాసుకుని రమ్మంటాను. 'విధి' అని రాసుకొస్తే ఇంకో వారం టైమ్ ఇస్తాను. చివరి సీన్ గురించి ఆ తర్వాతే మాట్లాడుకుంటాం.