చిన్న ఉప్పునీటి తొట్టికి ఎంత చేప?

60 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో బ్లూ టాంగ్ అనే సముద్రపు చేపను వేసుకోవచ్చా, షాపులో ఉన్నది మూడు సెంటీమీటర్లేనని ఒక పాఠకుడు అడిగారు. వద్దండీ. ఇవాళ మూడు సెంటీమీటర్లు, ఎదిగితే ముప్ఫై దాకా వెళ్తుంది. తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది గానీ, ఇరుకు నీళ్లలో ఎదుగుదల ఆగిందంటే చేప సర్దుకుపోయిందని కాదు, దాని ఆరోగ్యం చెడుతోందని.

ఉప్పు ఎంత కలపాలి, ఫిల్టర్ ఏది కొనాలి లాంటివి ఎవరైనా చెబుతారు. నన్ను పట్టుకున్నది ఆ పది రెట్ల సంగతి. మైసూర్ పాక్ ముక్క ఒకటి తీసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేస్తే ఎనిమిది ముక్కలంత అవుతుంది, మూడూ పదింతలు చేస్తే వెయ్యి ముక్కలంత. చేప కూడా ఆకారం మారకుండా పొడవు పదింతలైతే బరువు వెయ్యింతలవుతుంది. బళ్లో ఘనపరిమాణం సూత్రాన్ని బట్టీ పట్టించే బదులు ఇలా చేపను చూపించి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

మరి తిండి, ఆక్సిజన్ కూడా వెయ్యింతలు కావాలా? అక్కర్లేదు. శరీరం ఖర్చుపెట్టే శక్తి దాదాపు బరువుకు 0.75 ఘాతంగా పెరుగుతుందని 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. చేపల్లో ఈ ఘాతం జాతిని బట్టి కాస్త మారుతుంది, 0.75 అనే అనుకుంటే ఆ వెయ్యి కాస్తా 178 అవుతుంది. అదే తొట్టి, అవే నీళ్లు, భారం మాత్రం 178 రెట్లు!

అందుకే 'ఇన్ని సెంటీమీటర్ల చేపకు ఇన్ని లీటర్లు' అనే లెక్క నాకు నచ్చదు. ఐదు సెంటీమీటర్ల చేపలు ఆరు, ముప్ఫై సెంటీమీటర్ల చేప ఒకటి, కలిపితే పొడవు సమానమే. కానీ ఆ పెద్దది 216 చిన్న చేపలంత, అంటే ఆరింటి కన్నా 36 రెట్లు బరువు, నీటి మీద భారం తొమ్మిది రెట్లకు పైనే.

పైగా ఉప్పునీళ్లు అసలే పిసినారివి. 26 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 8.1 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీటిలో 6.7 మాత్రమే. చేప మొప్పల నుంచి వదిలే అమోనియాలో ఎక్కువ భాగం అంత హాని చెయ్యని అమోనియం అయాన్‌గా ఉంటుంది, విషం మిగతా భాగానిది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7 దగ్గర ఆ విషపు వాటా అర శాతం చిల్లర, సముద్రపు నీటి పీహెచ్ అయిన 8.2 దగ్గర పది రెట్లకు పైన. చేప చచ్చిపోతే ఇంటి దిష్టి తీసుకుపోయిందంటారు. దయచేసి ఆ పూటే అమోనియా టెస్ట్ కిట్‌తో నీళ్లు చూడండి, మిగిలిన చేపలైనా బతుకుతాయి.

60 లీటర్లకు నా ఓటు క్లౌన్ ఫిష్ జంటకి. ఒసెల్లారిస్ రకం పది సెంటీమీటర్ల లోపే ఆగుతుంది, సముద్రంలో కూడా తాను ఆశ్రయం పొందే అనిమోనీ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) చుట్టుపక్కలే తిరుగుతుంది కాబట్టి ఇరుకని బెంగపడదు. రెండు పిల్లల్ని వేస్తే పెత్తనం చేసేది పెద్దదై ఆడదవుతుంది, రెండోది చిన్నగానే మగదిగా ఉండిపోతుంది. ఇంకా చిన్నది కావాలంటే నియాన్ గోబీ, ఐదు సెంటీమీటర్లే. ఫైర్ ఫిష్ అయితే బెదిరినప్పుడు బయటికి ఎగురుతుంది, తొట్టి మీద సన్న వల మూత బిగించాకే తెచ్చుకోండి.