ఇంగ్లిష్ పీరియడ్‌లో ఆవలింతలు ఎప్పుడు మొదలయ్యాయి?

మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదటి పీరియడ్ ఇంగ్లిష్ అయితే ఎలా ఉంటుందో కావలిలోనో ఒంగోలులోనో బడికెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. సార్ ఒక వాక్యం చదివి తెలుగులో అర్థం చెబుతారు, మళ్లీ ఇంకో వాక్యం అందుకుంటారు. పాఠం సగానికొచ్చేసరికి చివరి బెంచీ కునుకు తీస్తుంటుంది. పిల్లలకు శ్రద్ధ లేదని తేల్చేస్తాం గానీ, ఈ విసుగు తాతల నాటిది.

వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టించి, పాఠాన్ని సొంత భాషలోకి మార్పించడం యూరప్‌లో లాటిన్, గ్రీకు చెప్పిన తీరు. ఇంట్లో ఎవరూ మాట్లాడని పాత భాషలకు అది చెల్లింది. 1835లో మెకాలే నివేదిక తర్వాత మన దగ్గర ఇంగ్లిష్ చదువుకు సర్కారు దన్ను దొరికింది, బోధనలో ఆ పాత తీరే నడిచింది. ఇంగ్లిష్ చదివినవాళ్లకు కొలువుల్లో ముందు పీట అని 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రకటించాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది, వెంట మెట్రిక్యులేషన్ పరీక్ష.

అదే కాలంలో ఇక్కడ ఎదురు ప్రయాణం ఒకటి జరిగింది. 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే, 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ ఇద్దరికీ తెలుగుతో రోజూ పనే. జనంతో మాట్లాడకపోతే వాళ్లకు గడవదు. మన పిల్లలకు ఇంగ్లిష్‌తో పనిబడేది పరీక్ష రోజున.

దీన్ని మార్చాలని 1979లో బెంగళూరు కేంద్రంగా ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు ఓ ప్రయోగం చేశారు. వ్యాకరణం పక్కనపెట్టి పిల్లల ముందు రైళ్ల టైమ్‌టేబుల్, మ్యాప్ లాంటివి పెట్టారు. మన దగ్గరైతే పినాకిని రైలు ఒంగోలు నుంచి నెల్లూరుకు ఎంతసేపట్లో వస్తుందో ఇంగ్లిష్‌లోనే లెక్కగట్టమన్నట్టు. లెక్క మీద ధ్యాస పెడితే భాష దానంతట అదే పట్టుబడుతుందని ఆయన నమ్మకం. తర్వాత మన పుస్తకాల్లోకీ గ్రూప్ వర్క్‌లు వచ్చాయి, వాటి జవాబులు గైడుల్లోకి వచ్చాయి!

2020 నుంచి సర్కారు బడుల లెక్కలు, సైన్సు లాంటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. తెలుగు పేజీ పక్కనే ఉంటే కళ్లు ఎటు పోతాయి? టెన్త్ పబ్లిక్‌లో మాట్లాడటానికి మార్కుల్లేవు కూడా. ఏ మేడమో ఓపిక చేసుకుని టైమ్‌టేబుల్ ఆట ఆడిద్దామన్నా, ముందు బెంచీ నుంచే ప్రశ్న వస్తుంది: ‘‘మేడమ్, ఇది ఇంపార్టెంటా?’’